ఇంటి కొయ్యసామానును బాగుచేసికొను విధము

నాగలి మేడి వదులైనచో రైతు ఆనాడే చూచుకొనును. బండిచక్రపు ఆకు కదలినచో తెల్లవారునప్పటికి వడ్రంగి వాకిట నుండును. పని ఆగిపోవునను భయమే యిందులకు కారణము. అదే రైతు ఇంటిలో మంచపుకోడు కిర్రుమని మొరపెట్టుచున్నను, కుర్చీకాలు ఊగుచున్నను, తాతలనాటి భోషాణపు అడుగు పొడిపొడిగ రాలుచున్నను సంవత్సరముల తరబడి అట్లే యుండును. ఒకనాడు ఆ కాలు విరుగును. విరిగిన సామాను మొదట వసారాలోనికి, పిదప పశువుల కొట్టములోనికి, తుదకు పొయ్యిలోనికి చేరును. లేదా పాతకలప కొనువాడు వచ్చి చేవగల టేకును వంటచెరకు వెలకు కొనిపోవును. దాని స్థానమున రైతు అప్పుచేసి క్రొత్త సామాను కొనును. ఆ క్రొత్తది పలుమారు రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలదై, వానకాలపు చెమ్మ తగిలినంతనే అంచులు ఉబ్బి విడిపోవుచుండును.

పొదుపనగా రూకలు దాచుట మాత్రమే కాదు. ఉన్న వస్తువును చెడనీయకుండుటయు పొదుపే. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటే: కొయ్యసామాను సాధారణముగ ముసలితనముచేత చెడదు. వదులైన అతుకును ఉపేక్షించుటచేతను, ఆ పిమ్మట దానికి మేకు కొట్టుటచేతను చెడును.

అతుకు ఏల వదులగును?

కొయ్య చెట్టునుండి కోసిన పిదపను గాలిలోని చెమ్మను పీల్చుచు, విడుచుచు నుండును. వానకాలమున ఉబ్బును, వేసవిలో ముడుగును. ఈ మార్పు కొయ్య అడ్డమునందే గాని పొడుగునందు లెక్కింపదగినంత యుండదు. బండిచక్రమునందు దీనిని మనము ఏటేట చూచుచునే యున్నాము. రోహిణికార్తె ఎండలకు ఆకులు వదులై చక్రము గలగలలాడును. చెరువునీట నానవేసిన మరల బిగియును.

కుర్చీయందును జరుగునది యిదియే. కాలికి బెజ్జము తొలిచి, అడ్డకర్ర కొనను నాలుకవలె చెక్కి అందులో దూర్చుదురు. నాలుకయొక్క నార ఒకవైపునకును, బెజ్జము చుట్టునున్న నార మరియొకవైపునకును పోవును గాన ఒకటి ముడిగినట్లు రెండవది ముడుగదు. ఏటేట జరుగు ఈ పెనుగులాటలో మొదట జిగురు విడును. పిదప నాలుక కొంచెము అరుగును. అప్పుడు కుర్చీ ఊగును. ఊగిన కొలది అరుగును. అరిగిన కొలది ఊగును. ఈ దశలో బాగుచేయుటకు ఒక పూట పని చాలును. ఉపేక్షించినయెడల నాలుక మొదలంట విరుగును. అప్పుడు క్రొత్త కర్ర కావలసివచ్చును.

మేకువలని కీడు

వదులైన అతుకు కనబడగానే సుత్తి తీసి రెండంగుళముల మేకు దిగగొట్టుట మనలో వాడుక. ఆ పూటకు కదలిక ఆగును. కాని ఆ మేకువలన నాలుగు విధములైన కీడు కలుగును. మొదటిది, మేకు నారను చీల్చుకొని పోవును గాన, ఎండిన పాతకొయ్య ఆ చీలికవెంబడి పగులును. రెండవది, కొయ్య ఉబ్బుచు ముడుగుచు నుండగా మేకు మాత్రము అట్లే నిలుచును. ఏడాది తిరుగకముందే దాని బెజ్జము పెద్దదై అతుకు మునుపటికంటె ఎక్కువగ ఊగును. మూడవది, మద్ది, తుమ్మ వంటి వగరుగల కొయ్యలయందు తడి తగిలినప్పుడు ఇనుము, వగరు కలిసి సిరావంటి నల్లని మరక పుట్టును; మేకు త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను కూడ కొరుకును. నాలుగవదియే అన్నిటికంటె పెద్దది: మేకు కొట్టిన అతుకును మరల విప్పి బాగుచేయుటకు వీలుండదు.

ఒక గ్రామమున నేనొక టేకు కుర్చీని చూచితిని. దాని వెనుకకాలి అతుకున ఏడు మేకులుండెను. ఒక్కొక్క మేకు ఒక్కొక్క సంవత్సరమున కొట్టినదట. వడ్రంగి వానిని పెరుకబోగా కాలి తల మూడు ముక్కలయ్యెను. కొయ్య ఎంతమాత్రము పుచ్చలేదు. చేవ చేవగనే యుండెను. దానిని చెరచినది కాలము కాదు, సుత్తి.

విప్పి, కడిగి, బిగించుట

కుర్చీని, బల్లను బాగుచేయునప్పుడు ఈ క్రమమును పాటింపవలెను.

మొదట ఏ అతుకు వదులైనదో చేతితో కదిపి చూడుడు. పిదప ప్రతి అతుకునొద్దను ఇరుకొయ్యలమీద ఒకే అంకెను సుద్దతో వేయుడు. ఇట్లు చేయనిచో విప్పిన పిదప ఏ కర్ర ఏ బెజ్జములోనిదో తెలియదు; చేతిపనియందు ఏ రెండు బెజ్జములును ఒక్క తీరున నుండవు. అతుకులో చీలగాని, మేకుగాని యున్నదేమో వెదకి ముందుగ తీయవలెను. తరువాత కొయ్యసుత్తితో, నడుమ గోనెగుడ్డ మడత పెట్టి, మెల్లమెల్లగ తట్టి విడదీయవలెను. గట్టిగ నున్న అతుకులను ఊరక కదపరాదు.

విప్పిన నాలుకమీదను, బెజ్జములోను నున్న పాతజిగురును పూర్తిగ తీయవలెను. పనివారిలో పెక్కుమంది తొందరపడి విడుచు పని యిదియే. పశువుల తోళ్లు, ఎముకలనుండి కాచిన పూర్వపు బంక వేడినీటి గుడ్డతో అద్దిన మెత్తబడి వచ్చును. నేడు దుకాణములలో అమ్ము తెల్లజిగురైనచో ఉలితో గోకి తీయవలెను. ఈ తెల్లజిగురు కొయ్య నారలోనికి దిగి పట్టునదేగాని, ఎండిన పాతజిగురుమీద పట్టునది కాదు. కాని గోకునప్పుడు నాలుకను సన్నము చేయరాదు.

ఇప్పుడు జిగురు లేకుండ నాలుకను బెజ్జమున దూర్చి చూడుడు. కొద్దిగ తట్టిన దిగి, ఊగక నిలిచిన సరి. ఊరక దిగిపోయినచో నాలుక పక్కలకు అదే జాతి కొయ్యయొక్క పలుచని పేళ్లను, నార నాలుకతోబాటు పోవునట్లు, జిగురుతో అతికించి, ఆరిన పిదప సరిగా దిగువరకు చెక్కవలెను. ఎడమును జిగురుతోనే నింపుదమనుకొనుట పొరపాటు. జిగురు పలుచని పొరగ నున్నప్పుడే బలముగ నుండును.

నాలుకకును, బెజ్జపు గోడలకును జిగురు పలుచగ పూసి కూర్చి, బిగించి పట్టవలెను. ఇందులకు పట్టుమరలు లేకున్నను చింతలేదు. వరిగడ్డి బండికి మోకు బిగించు రైతునకు ఈ విద్య తెలిసినదే. కుర్చీకాళ్ల చుట్టును త్రాడు రెండు చుట్లు చుట్టి ముడివేసి, నడుమ ఒక కర్రముక్క దూర్చి మెలిపెట్టుడు. త్రాడు బిగియును, అతుకులన్నియు ఒక్కమారే లోనికి వచ్చును. అంచులు నొక్కుకొనకుండ త్రాటిక్రింద గుడ్డ మడతలుంచవలెను. వెలికి వచ్చిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడువవలెను. తరువాత ఆ కర్రను అడ్డకర్రకు కట్టి, రాత్రియంతయు విడువవలెను. ఒక దినము గడుచువరకు దానిపై కూర్చుండరాదు.

బిగించిన వెంటనే ఒక దారముతో మూలనుండి ఎదుటి మూలకు కొలువుడు. ఆ రెండు కొలతలును సమానమైనచో బల్ల చదరముగ నున్నట్లే. భేదమున్నచో జిగురు తడిగ నుండగనే పొడవైన మూలలను లోనికి నొక్కి సరిచేయవలెను. కుర్చీయందు ముందువైపు వెడల్పు, వెనుకవైపు తక్కువ యైనను ఈ కొలతలు రెండును సమానముగనే యుండవలెను.

నులకమంచము సంగతి వేరు

నులకమంచపు పట్టెలను కోళ్లలో జిగురుతో అతుకనక్కరలేదు. ఆ నాలుగు పట్టెలను బెజ్జములలోనికి లాగి పట్టుకొనునది నులకయొక్క బిగువే. మంచము ఊగినచో మొదట కాళ్లవైపు త్రాడు బిగించి చూడవలెను. పలుమారు అంతటితోనే కదలిక మానును. మానకున్నచో నులక విప్పి, పట్టె కొనకు పైని చెప్పినట్లు పేడు అతికించి మరల కూర్చవలెను.

పట్టె కొన కోడునకు ఆవలివైపున వెలికి కనబడునట్లు చేసిన మంచమైనచో మరియొక ఉపాయము కలదు. పట్టె కొనలో రంపముతో చిన్న గాడి కోసి, దూర్చిన పిదప వెలుపలినుండి ఆ గాడిలో ఎండిన గట్టికొయ్య చీలికను కొట్టవలెను. నాలుక విచ్చుకొని బెజ్జమున బిగియును. ఇందు ఒక్క జాగ్రత్త ముఖ్యము. ఆ చీలిక నొక్కుడు కోటి పొడుగువైపునకు, అనగా పైకిని క్రిందికిని కలుగవలెను. అడ్డముగ కలిగినయెడల కోడు నిలువున చీలును.

బిగువైన అతుకువలన మరియొక లాభము కూడ కలదు. నల్లులు కాపురముండునది ఆ వదులైన బెజ్జములలోనే. ఏటేట సలసల కాగిన నీరు పోసి వానిని చంపుచున్నాము. ఆ నీటికే కొయ్య ఉబ్బి, ఎండి, బెజ్జము మరింత వదులై, క్రొత్త నల్లులకు మరింత చోటు కలుగుచున్నది. ఎడము లేనిచోట నల్లికి ఇల్లు లేదు.

కాళ్ల అడుగులు

సామానునకు చెమ్మ ఎక్కుదారి కాళ్ల అడుగులే. కొయ్య అడ్డుకోత ముఖము నీటిని మిగుల త్వరగ పీల్చును. మట్టినేలపైనను, దినదినము కడుగు గచ్చుపైనను నిలుచు కాళ్లు అడుగునుండియే మెత్తబడి పుచ్చును. అడుగు రెండంగుళములలోపల చెడినయెడల, నాలుగుకాళ్లను సమముగ కోసివేయుటయే సులభమార్గము. సామానును చదునైన నేలపై నిలిపి, పొట్టికాలిక్రింద పేడుపెట్టి కదలకుండ చేసి, కావలసిన ఎత్తుగల చెక్కముక్కను నేలమీదనే జరుపుచు దానిపై పెన్సిలు నుంచి నాలుగుకాళ్ల చుట్టును గీత గీయవలెను. ఆ గీతవెంబడి కోసినచో కాళ్లు ఎగుడుదిగుడుగ నుండవు. పిదప కోతముఖములకు కరగిన మైనమైనను, రెండు మూడు పూతల రంగైనను పట్టించి, క్రింద చదునైన రాతిపలకలుంచవలెను. రెండంగుళములకు మించి చెడినచో క్రొత్తకొయ్యను వాలుగ కోసి అతుకవలసియుండును. అది వడ్రంగి పని.

చెదలు, పుచ్చుపురుగు

ఈ రెండును వేరువేరు శత్రువులు. చెదలు నేలనుండి మట్టిగొట్టములు కట్టుకొని వచ్చును. తినిన చోట మన్ను కనబడును. పుచ్చుపురుగు కొయ్యలోనే పెరిగి, సన్నని బెజ్జము చేసికొని వెలికి పోవును; క్రింద మెత్తని పిండి రాలును. ఇది పెక్కుమారులు చేవను ముట్టదు. చేవపైనుండు తెల్లనిపొరలో గంజిపదార్థముండును గాన దానినే తినును. మామిడివంటి మెత్తని తెల్లకొయ్యలకు దీని బాధ ఎక్కువ.

చెదలు పట్టిన సామానును గోడకు జానెడు ఎడముగ జరిపి, మట్టిగొట్టములను చెరిపి, కాళ్లకు నేలతో సంబంధము లేకుండ చేయుటయే మొదటి చికిత్స. పుచ్చు పట్టినచో ముందుగ పిండిని దులిపి, క్రింద నల్లని గుడ్డ పరచి నాలుగైదు దినములు చూడుడు. క్రొత్తపిండి రాలకున్న ఆ బెజ్జములు పాతవే; మందు అక్కరలేదు. రాలినచో 10 లీటర్ల వేడినీటికి 200 గ్రాముల బోరిక్ ఆమ్లము, 300 గ్రాముల వెలిగారము కలిపి కరగించి, పాతపూత గోకిన ఒట్టి కొయ్యపై కుంచెతో రెండు మూడుమారులు, ఒకటి ఆరకముందే మరియొకటిగ, పట్టింపవలెను. బాగుగ ఆరిన పిదప నూనెగాని, వార్నిషుగాని పూయవలెను. లేనియెడల తడి తగిలినప్పుడు ఈ మందు కరగి పోవును. ఇది తినదగినది కాదు గాన కూరలు తరుగు పీటలకును, ధాన్యపు పెట్టెల లోపలను వాడరాదు, పిల్లలకు అందనీయరాదు.

ఇచ్చట వ్యవసాయశాఖవాడనుగ ఒక మాట గట్టిగ చెప్పవలసియున్నది. పైరుపై చల్లు పురుగుమందును మంచమునకు పూయకుడు. మంచముపై మనుష్యుడు రాత్రియంతయు ముఖమానించి పండుకొనును. పసిబిడ్డ పట్టెను నాకును. ఒకప్పుడు నల్లులకై మంచములలో చల్లిన బీహెచ్‌సీ పొడి 1997 నుండి మన దేశమున నిషిద్ధము. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించినది. పాతడబ్బాలలో మిగిలిన మందులను కొయ్యసామానుపై ఖర్చుచేయుట పొదుపు కాదు, ప్రమాదము.

కొయ్యను పెక్కేండ్లు కాపాడు మందులు లేకపోలేదు. డెహ్రాడూనులోని అటవీ పరిశోధనాలయమున సొంటి కామేశముగారు 1933లో కనిపెట్టిన ‘ఆస్కూ’ అను మందు స్తంభములకును, కట్టడపు కలపకును లోకమంతట వాడుకలోనికి వచ్చినది. కాని అందులో పాషాణము కలదు. దానిని కర్మాగారములలో ఒత్తిడితో కొయ్యలోనికి ఎక్కింతురు. అమెరికాలో 2003 చివరనుండి ఇండ్లకు వాడు కలపలో చాలవరకు దీనిని మానిరి. అట్టి కలప ముక్కలు చేతికి వచ్చినచో ఇంటిసామాను చేయరాదు, పొయ్యిలో కాల్చనేరాదు.

బీటలు, మరకలు, పూతలు

వేసవిలో పలకకు బీట కనబడగానే గట్టిగ నింపరాదు. వానలకు పలక ఉబ్బినప్పుడు ఆ నింపుడే దానిని ప్రక్కకు త్రోసి మరియొకచోట పగులగొట్టును. వానకాలమునను మూసికొనని బీటనే నింపవలెను. వెడల్పైన బీటకు అదే కొయ్య పేడును, సన్నని బీటకు మెత్తని రంపపుపొట్టు కలిపిన కొయ్యజిగురును వాడవచ్చును. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి మక్కు చేసి బొమ్మల అంగములను అతుకుదురు. తడి తగలని, బరువు పడని చోట్ల మనకును అది పనికివచ్చును. బరువు మోయు అతుకులలో మాత్రము దానిని నమ్మరాదు.

వేడిగిన్నె పెట్టుటచే లక్కపూతపై కలుగు తెల్లని మరకకు మెత్తగ జల్లించిన బూడిదను కొబ్బరినూనెతో కలిపి నారవెంబడి మెల్లగ రుద్ది తుడిచిన చాలవరకు పోవును. గరుకైనచోట ఉప్పుకాగితమును నారవెంబడియే రుద్దవలెను. అడ్డముగ రుద్దిన గీతలు ఎన్నటికిని పోవు. పాతరంగు వేసిన సామానును మాత్రము పొడిగ రుద్దరాదు. రంగులలో సీసమునకు గట్టి హద్దు 2017 నవంబరునుండి మాత్రమే మన దేశమున అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులలో అది ఎక్కువగ నుండవచ్చును. ఆ ధూళి పిల్లల బుద్ధిని చెరచును. నీటితో తడుపుచు రుద్ది, ఆ మడ్డిని తుడిచి దూరమున పాతిపెట్టవలెను.

పూతకు అవిసెగింజల నూనె మంచిది. గాలి సోకి ఇది గట్టిపడును. ఆముదము, కొబ్బరినూనె అట్లు ఆరవు గాన ధూళిని పట్టుకొనును. అవిసెనూనె పలుచగ పూసి, పావుగంట పిదప మిగిలినదానిని తుడిచివేయవలెను. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు విసరుట మహాప్రమాదము. ఆ నూనె ఆరునప్పుడు వేడి పుట్టి, నిప్పు తగలకయే గుడ్డ అంటుకొనును. వానిని విడివిడిగ ఆరుబయట పరచి ఎండనీయవలెను. లేదా నీట ముంచి పెట్టవలెను.

వడ్రంగి అవసరము

ఇంత చెప్పుటచేత వడ్రంగితో పనిలేదని భావము కాదు. అతుకు విప్పి బిగించుట, కాళ్లు సమముచేయుట, మందు, పూత పట్టించుట ఇంటివారు చేసికొనదగినవి. విరిగిన నాలుకకు మారుగ క్రొత్తది దిగవేయుట, క్రొత్తకోడు చేయుట, చీలిన వెనుకకాలిని అతుకుట వడ్రంగి చేయవలసినవి. మేకులు కొట్టని అతుకును అతనియొద్దకు తీసికొనిపోయినచో అతడును సంతోషముతో చేయును, కూలియు తక్కువగును. ఎట్టి సామానును విడువవలెనని యడుగుదురేని, చేవవరకు మెత్తబడి గోరు దిగునట్టిదానిని విడువుడు. చేవ గట్టిగ నున్నంతవరకు, రూపమెంత చెడినను, దానిని వంటచెరకు వెలకు అమ్ముకొనకుడు. పాతటేకు ఏండ్లతరబడి ఆరి నిలుకడ పొందినది. నేటి పచ్చికొయ్య అట్టిది కాదు.

మన సంఘములు ఈ విషయమున కొంత సాయము చేయవచ్చును. ఒక రంపము, రెండు ఉలులు, ఒక చిన్న చిత్రిక, కొయ్యసుత్తి, బరమా, నాలుగు పట్టుమరలు సంఘపు గదిలో ఉంచి, విత్తనపు గొర్రును ఎరువిచ్చినట్లే సభ్యులకు వరుసగ ఎరువీయవచ్చును. ప్రతియింటను కొనవలసిన పనిముట్లు కావివి. వేసవిలో పొలముపనులు లేని దినములలో ఊరి వడ్రంగికి తగిన కూలియిచ్చి పిలిపించి, ఒక్కపూట పదిమంది యువకులకు అతుకు విప్పి బిగించు విధమును చూపించినచో, ఆ యేడు ఊరిలో ఎన్నియో మంచములు, కుర్చీలు పొయ్యిపాలు గాక నిలుచును.

ఈ సంచిక చదివిన సభ్యులు ఒక్క పని చేయుదురుగాక. ఇంటనున్న ప్రతి మంచమును, కుర్చీని, బల్లను నేడే ఒక్కమారు కదిపి చూడుడు. ఊగినదానికి సుద్దతో గురుతు పెట్టుడు. సుత్తిని మేకుల డబ్బాతోసహా దూరముగ నుంచి, వేడినీరు, జిగురు, త్రాడు సిద్ధపరచుకొనుడు. తక్కిన పనికి ఒక పూట చాలును.